సర్వరు లాగు పుస్తకము: దాని యుపయోగము, దాని యుపద్రవము



తెరచాపల యోడలు సముద్రములపై తిరుగుచుండిన కాలమున, తమ యోడ యెంత వేగముతో పోవుచున్నదో తెలిసికొనుటకు నావికులకు నేటివంటి సాధనములు లేకుండెను. వారు ఒక చిన్న కొయ్యపలకను పొడవైన త్రాటికి గట్టి నీటిలో విడిచెడివారు. ఆ త్రాటికి సమానమైన దూరములలో ముడులు వేయబడి యుండెను. కొయ్య నీటిలో నిలిచిపోగా ఓడ ముందునకు సాగును. నియమితకాలములో ఎన్ని ముడులు చేతినుండి జారిపోయెనో లెక్కించి ఓడ వేగమును నిర్ణయించెడివారు. ఆ కొయ్యకు ఆంగ్లమున ‘లాగ్’ అని పేరు. ఆ లెక్కలను వ్రాసికొను పుస్తకము లాగు పుస్తకమయ్యెను. క్రమముగా దానిలో వేగమేగాక గాలి దిశ, వాతావరణము, ఓడలో జరిగిన సంగతులు అన్నియు గంటగంటకు వ్రాయు నాచార మేర్పడెను. నేడు కంప్యూటరులు తమలో జరుగు సంగతులను తామే వ్రాసికొను దస్త్రములకును ఆ పేరే నిలిచినది.

అట్టి లాగు పుస్తకమెట్లు వ్రాయబడునో, అది మితిమీరి పెరిగినచో నేమి కీడు కలుగునో, ఆ కీడును ఏ క్రమమున శోధించి తొలగింపవలెనో ఈ వ్యాసమున తెలుపుటకు యత్నించెదను. ఇందలి యుదాహరణము కొన్ని సంవత్సరముల క్రిందట నేను బోధకుడనుగా నున్న యొక పాఠశాలలో జరిగినది. అందు నా తప్పులును గలవు. వానిని దాచక వ్రాయుచున్నాను. ఏలయన అట్టి తప్పులు మీరు చేయకుండుటకే ఈ పాఠము.

1. థిన్ క్లయింటు పద్ధతి

వసతిగృహములో భోజనపంక్తులు అనేకములున్నను వంటశాల యొక్కటియే గదా! థిన్ క్లయింటు పద్ధతియు నట్టిదే. విద్యార్థుల యెదుట నుండు యంత్రములలో డిస్కు ఉండదు. మీట నొక్కగానే ఆ యంత్రము తన నెట్‌వర్కు కార్డు ద్వారా ‘నాకొక చిరునామా యిండు’ అని కేకవేయును. సర్వరు దానికొక చిరునామా నిచ్చి, పిమ్మట కెర్నెలును, అనగా యంత్రమును నడపు మూల ప్రోగ్రామును, తీగ వెంట పంపును. కెర్నెలు మేల్కొన్న తరువాత తక్కిన దస్త్రములన్నియు సర్వరునుండియే వచ్చును. విద్యార్థి తన పేరును సంకేతపదమును ఇచ్చి ప్రవేశించినపుడు అతడు వాడు ప్రోగ్రాములు నడచునది సర్వరులోనే. అతని యెదుట కనబడునది వాని బొమ్మ మాత్రమే.

ఈ పద్ధతిలో పాత యంత్రములును పనికివచ్చును. ఒక్క సర్వరును బాగుచేసినచో గదియంతయు బాగుపడును. అందుచేత పాఠశాలలు దీనిని మిక్కిలిగా నాదరించెను. లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు అను నుద్యమమును 1999 లో అమెరికాదేశమున జిమ్ మెక్విలన్ ఆరంభించెను. నార్వేదేశమున 2001 లో పుట్టిన స్కోలెలినక్స్ పాఠశాలలకొరకే యేర్పడి ఆ పద్ధతిని తనలో చేర్చుకొనెను. 2019 లో ఆ టెర్మినల్ సర్వరు ప్రోగ్రామును సమూలముగా తిరిగి వ్రాసిరి. నేను చెప్పబోవు సంగతి అంతకు పూర్వపు రూపమునకు సంబంధించినది. కాని యిందలి నీతి ఏ సర్వరుకైనను వర్తించును.

ఇందొక విషయము గమనింపుడు. ప్రోగ్రాములు సర్వరులో నడచినను, ప్రతి క్లయింటులోను దాని కెర్నెలు దానియందే నడచును. ఆ కెర్నెలు తన సంగతులను వ్రాసికొందమన్న దానికి డిస్కు లేదు. కావున మా గదిలో ప్రతి క్లయింటును తన సందేశములను సర్వరుకు పంపునట్లును, సర్వరు వానిని తన పుస్తకములో వ్రాయునట్లును ఏర్పరచియుంటిమి. 24 క్లయింటులు, ఒక సర్వరు; 25 యంత్రముల మాటలకు వ్రాయసకాడు ఒక్కడే.

2. సందేశపు స్వరూపము

ఈ వ్రాతపద్ధతికి సిస్‌లాగ్ అని పేరు. దీనిని 1980 ప్రాంతపు దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో ఎరిక్ ఆల్మన్ తన తపాలా ప్రోగ్రామగు సెండ్‌మెయిల్ కొరకు కల్పించెను. అది యెల్లరకు నుపయోగపడుటచే తక్కిన ప్రోగ్రాములును దానిని గ్రహించెను. వాడుకలో నున్న రీతిని 2001 లోను, మెరుగుపరచిన నియమములను 2009 లోను గ్రంథస్థము చేసిరి.

ప్రతి సందేశమునకు రెండు సంఖ్యలు గలవు. మొదటిది ఆ సందేశ మే శాఖనుండి వచ్చినదో తెలుపును. 0 కెర్నెలు, 2 తపాలా, 4 ప్రవేశాధికార పరీక్ష; ఇట్లు 0 మొదలు 23 వరకు 24 శాఖలు. రెండవది తీవ్రతను తెలుపును. అందు 8 మెట్లు గలవు: 0 సర్వము స్తంభించిన యాపద, 1 తక్షణమే పూనుకొనవలసినది, 2 విషమము, 3 దోషము, 4 హెచ్చరిక, 5 గమనింపదగినది, 6 సమాచారము, 7 శోధనకై వ్రాయు సూక్ష్మ వివరము. సంఖ్య తగ్గినకొలది ప్రమాద మెక్కువ యని తెలియవలెను.

తీగపై పంపునపుడు ఈ రెంటిని ఒక్క సంఖ్యగా కూర్చెదరు. శాఖసంఖ్యను 8 చే గుణించి తీవ్రతను కలుపవలెను. ప్రవేశాధికార శాఖనుండి విషమ సందేశము వచ్చినచో 4 ను 8 చే గుణింప 32, దానికి 2 కలుప 34. తిరిగి విడదీయుటకు 34 ను 8 చే భాగించినచో లబ్ధము 4 శాఖ, శేషము 2 తీవ్రత. ఈ లెక్క మీ రెండవ ఫారములోని భాగహారమే గాని వేరుగాదు.

పూర్వపద్ధతిలో ఈ సందేశములు 514 సంఖ్యగల ద్వారమున యూడీపీ అను రీతిని పోవును. ఆ రీతి తపాలా కార్డు వంటిది. వేసినవానికి చేరినట్టు రశీదు రాదు. కొన్ని దారిలో పోవచ్చును. సర్వరునందలి వ్రాయసకాడు వచ్చినదానిని శాఖలనుబట్టి వేర్వేరు పుస్తకములలో వ్రాయును. మా సర్వరులో సర్వసాధారణ పుస్తక మొకటి, కెర్నెలు పుస్తక మొకటి, ప్రవేశముల పుస్తక మొకటి యుండెను. కెర్నెలు సందేశము మొదటి రెండింటిలోను రెండుమారులు వ్రాయబడుచుండెను. ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొనుడు.

3. ఆ సోమవారపు టుదయము

అర్ధసంవత్సర పరీక్షలలో కంప్యూటరు ప్రయోగపరీక్ష సోమవారము ఉదయము 9 గంటలకు నిర్ణయింపబడెను. శనివారము సాయంకాలము 4 గంటలకు బల్లలను ఎడముగా జరిపి, తీగలను సరిచేసి, గది తాళము వేసి యింటికి పోతిమి. సోమవారము 24 మంది బాలబాలికలు తమ స్థలములలో కూర్చుండిరి. ఒక్కొక్కరు పేరును సంకేతపదమును ఇచ్చిరి. తెర ఒక్క క్షణము నల్లబడెను. మరల ప్రవేశపు తెరయే వచ్చెను. రెండవమారు, మూడవమారు నంతే. 24 మందిలో ఒక్కరికిని ప్రవేశము దొరకలేదు.

పరీక్షాధికారి గడియారము చూచుచుండెను. చిన్నపిల్లలలో నొకరిద్దరు ఏడ్పుముఖములు పెట్టిరి. నాకు తోచిన మొదటి యూహ యేమనగా, ఎవరో సంకేతపదములను మార్చిరని. శనివారము మధ్యాహ్నము గదిలో చివరవరకు పనిచేసినవాడు పదవ తరగతి బాలు డొకడు. అతనికి కంప్యూటరుపై మక్కువ యెక్కువ. సంకేతపదము లెక్కడ దాచబడునని అంతకుముందు నన్ను ప్రశ్నించియుండెను. ఆ ప్రశ్నయే నా మనస్సులో నేరమై నిలిచినది. అతనిని అందరి యెదుటను లేవదీసి కఠినముగా నడిగితిని. అతడు, ‘‘అయ్యగారూ, నేను నా దస్త్రము భద్రపరచుకొని, సెలవు తీసికొని వెళ్లితిని, మరేమియు ముట్టలేదు’’ అని తలవంచుకొనెను. నేను నమ్మలేదు.

ఒక బాలిక సంకేతపదమును నేనే మార్చి చూచితిని. ఫలితము శూన్యము. అప్పుడు సర్వరు నొద్దకు పోయి, అక్షరములు మాత్రము కనబడు తెరపై పాలకునిగా ప్రవేశించి, డిస్కు ఖాళీని చూపు ‘డీఎఫ్’ అను నాజ్ఞను ఇచ్చితిని. అది చూపినది: నిండినది నూటికి 100 పాళ్లు, ఖాళీ 0.

విద్యార్థి ప్రవేశించినపుడు అతని గృహసంచిలో ఒక చిన్న అనుమతిదస్త్రము వ్రాయబడవలెను. దానికి చోటులేనిచో తెర తెరచుకొనదు. ప్రవేశపు తెరయే తిరిగివచ్చును. మరి నాకు మాత్రము ప్రవేశమెట్లు దొరకెను? అక్షరముల తెరకు అట్టి దస్త్ర మక్కరలేదు. అదిగాక ఎక్స్ట్ జాతి దస్త్రవ్యవస్థలు సాధారణముగా నూటికి 5 పాళ్ల స్థలమును పాలకునికొరకు వేరుగా నుంచును. మా సర్వరులోని వ్రాయసకాడును పాలకుని యధికారముతోనే పనిచేయువాడు. కావున పిల్లలకు చోటు లేకపోయిన పిమ్మటను అతడు నిర్విఘ్నముగా వ్రాయుచునే యుండెను!

4. నా రెండవ తప్పు

సంచుల పరిమాణమును చూపు ‘డీయూ’ అను నాజ్ఞచే వెదకగా, లాగు పుస్తకములుండు సంచియే 730 కోట్ల బైట్లకు పైబడి పెరిగియుండెను. సాధారణ పుస్తకము, కెర్నెలు పుస్తకము రెండును బలిసియుండెను. నేను తొందరలో వానిని తెరచి చదువక రెంటిని తుడిచివేసితిని. మరల ఖాళీ చూచితిని. ఖాళీ 0! ఒక్క బైటైనను తిరిగిరాలేదు.

దీని కారణము తెలిసికొనదగినది. ఈ వ్యవస్థలలో దస్త్రమును తుడిచివేయుట యనగా సంచిలోనుండి దాని పేరును కొట్టివేయుట మాత్రమే. దానిని తెరచి పట్టుకొనియున్న ప్రోగ్రాము విడుచువరకు స్థలము విడుదలకాదు. హాజరుపట్టీలో పేరు కొట్టివేసినను బాలుడు బల్లపై కూర్చుండియే యున్నట్లని యెంచుడు. వ్రాయసకాడు ఆ పేరులేని పుస్తకములో ఇంకను వ్రాయుచునే యుండెను. నా కది యప్పటికి తోచక సర్వరునే ఆపి తిరిగి నడపితిని. అప్పుడు స్థలము విడుదలయ్యెను. క్లయింటులు మరల మేల్కొనెను. పరీక్ష 9 గంటల 50 నిమిషములకు మొదలయ్యెను.

నేను చేయవలసిన దేమి? మొదట పుస్తకపు చివరి పదివేల పంక్తులను వేరొక డిస్కులోనికి ఎత్తి దాచవలసినది. పిమ్మట దస్త్రమును తుడువక, దాని పొడవును సున్నకు కుదించవలసినది. అట్లుచేసిన స్థలము తక్షణమే విడుదలయగును, వ్రాయసకాడు పైనుండి మరల వ్రాయును. లేదా వ్రాయసకానిని మాత్రము ఆపి తిరిగి నడపిన చాలును. నేనో, సాక్షిని చంపి, పిమ్మట నేరమును విచారింప బూనితిని.

5. శోధన క్రమము

పరీక్ష జరుగుచుండగా నేను మౌనముగా సర్వరు నొద్ద కూర్చుంటిని. తిరిగి నడపినది 10 గంటలకు కొంచెము ముందు. మధ్యాహ్నము 1 గంటకు చూడగా క్రొత్త పుస్తకములు రెండును కలిసి 54 కోట్ల బైట్లైయుండెను. వ్యాధి మానలేదు, చోటు మాత్రము కలుగజేసితినని తెలిసెను. అయితే సాక్షి తిరిగి లేచివచ్చినందుకు సంతోషించితిని.

మొదటి మెట్టు: వేగము కనుగొనుట. 3 గంటలకు 54 కోట్లైనచో గంటకు 18 కోట్లు. నాకు శనివారము మిగిలియుండిన ఖాళీ సుమారు 700 కోట్లు. 700 ను 18 చే భాగింప దాదాపు 39 గంటలు. శనివారము సాయంకాలము 4 గంటలనుండి 39 గంటలు లెక్కించినచో సోమవారము ఉదయము 7 గంటలు వచ్చును. అనగా మేము గది తాళము వేసిన సమయముననే యీ యుపద్రవ మారంభమైనది. ఈ చిన్న భాగహారము నా యనుమానములలో సగమును కొట్టివేసినది.

రెండవ మెట్టు: మాటలాడువా డెవడో కనుగొనుట. ప్రతి పంక్తిలోను కాలము, పంపిన యంత్రపు పేరు, ప్రోగ్రాము పేరు, మాట అను నాలుగు భాగములుండును. చివరి లక్ష పంక్తులను తీసి, యంత్రపు పేరుండు భాగమును మాత్రము వేరుచేసి, వరుసగా నమర్చి, ఒక్కొక్క పే రెన్నిమారులు వచ్చెనో లెక్కింప సర్వరును ఆజ్ఞాపించితిని. లక్షలో 99 వేలకు పైచిలుకు 11 వ సంఖ్యగల క్లయింటు పంక్తులే! తక్కిన 23 క్లయింటులు, సర్వరు, అన్నియు కలిసి వేయికి తక్కువ.

మూడవ మెట్టు: ఆ మాటను చదువుట. పుస్తకము లక్ష పంక్తులైనను మాటలు నాలుగే. అవే మరల మరల వచ్చుచుండెను. వాని తాత్పర్యమిది: ‘పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో దోషము, తీవ్రత, సరిదిద్దబడినది, జాతి, భౌతిక పొర, పరికరము, ఫలానా సంఖ్యగలది.’ ఆ సంఖ్యను క్లయింటులోని పరికరముల పట్టికతో పోల్చగా అది నెట్‌వర్కు కార్డని తేలెను.

ఇది యెంత విచిత్రమో చూడుడు. దోషము కలిగిన ప్రతిమారును యంత్రము తానే దానిని సరిదిద్దుకొనుచుండెను. 11 వ బల్లయొద్ద కూర్చున్న విద్యార్థికి ఏ లోపమును కనబడలేదు. అతడు పరీక్ష చక్కగా వ్రాసెను. కాని సరిదిద్దుకొనిన ప్రతిమారును యంత్రము ‘తప్పు జరిగినది, సరిదిద్దితిని’ అని నాలుగు పంక్తులలో చాటుచుండెను. సెకనుకు సుమారు 50 మారులు, మారునకు సుమారు 500 బైట్లు, అనగా సెకనుకు 25 వేలు. రెండు పుస్తకములలో వ్రాయుటచే 50 వేలు. దానిని 3,600 చే గుణించినచో గంటకు సరిగా 18 కోట్లు. మొదటి మెట్టున కొలిచిన సంఖ్యయు, ఇపుడు కట్టిన లెక్కయు కలిసినవి. ఇట్లు రెండు దారుల లెక్క యొక్కటైనపుడే శోధకుడు తాను మూలమును పట్టితినని ధైర్యముగా చెప్పవచ్చును.

నాలుగవ మెట్టు: భౌతిక పరీక్ష. పరీక్ష ముగిసిన పిమ్మట 11 వ యంత్రమును ఆపి, విద్యుత్తీగను ఊడదీసి, పెట్టె తెరచితిని. నెట్‌వర్కు కార్డు ఒక ప్రక్క తన గాడినుండి కొంచెము పైకి లేచియుండెను. శనివారము బల్లలు జరుపునపుడు తీగ బిగిసి దానిని లాగినది. కార్డును తీసి, తుడిచి, గాడిలో గట్టిగా కూర్చి, మర బిగించితిని. యంత్రమును నడపి ఒక గంట కాచితిని. అట్టి పంక్తి యొక్కటియు రాలేదు.

ఇక నొక ప్రశ్న మిగిలినది. ఆదివార మంతయు ఆ యంత్రము ఏల నడచుచుండెను? గది తాళము వేయుటకు ముందు అన్ని యంత్రములు ఆపబడినవో లేదో చూడవలసిన భారము నాది. నేను తెరలను మాత్రము చూచితిని. 11 వ దాని తెర ఆపబడియుండెను. పెట్టె మాత్రము నడచుచునే యుండెను. నేను వంగి దీపమును చూడలేదు. అంతియే.

6. ప్రవేశముల పుస్తకము చెప్పిన సాక్ష్యము

ఆ సాయంకాలము ప్రవేశముల పుస్తకమును తెరచితిని. అది చిన్నదగుటచే నా తుడుపునుండి తప్పించుకొనెను. అందు నా వివేక మేమియు లేదు. అందు శనివారము 3 గంటల 40 నిమిషములకు ఆ బాలుడు సెలవు తీసికొనినట్లు స్పష్టముగా నుండెను. అతడు సంకేతపదములను ముట్టినట్లు గాని, పాలకుని యధికారమునకు యత్నించినట్లు గాని యొక్క పంక్తియు లేదు. అంతేగాదు. సోమవారము ఉదయము 24 మంది ప్రయత్నములును అందు వ్రాయబడియుండెను. ప్రతిదానియందును సంకేతపదము అంగీకరింపబడినదనియు, ప్రవేశము తెరచుకొని వెంటనే మూసికొనినదనియు నుండెను. తాళపుచెవి మంచిదే, తలుపు తెరచుకొన్నది, లోపల నిలుచుటకు చోటు లేదు.

నేను మొదట ఆ పుస్తకమును రెండు నిమిషములు చదివియున్నచో, సంకేతపదముల యూహ అక్కడనే నశించెడిది. నిరపరాధియగు బాలునిపై నింద పడెడిదికాదు. మరునాడు తరగతిలో, అతనిని నిందించిన యా బాలబాలికల యెదుటనే నిలిచి, ‘‘నిన్నటి తప్పు నాది, నీది కాదు, నన్ను క్షమింపుము’’ అని చెప్పితిని. అతడు సిగ్గుపడి, ‘‘పరవాలేదండి, ఆ లెక్క యెట్లు కట్టితిరో నాకును చూపింతురా?’’ అని యడిగెను. పైన మీరు చదివిన లెక్క నేను మొదట నల్లబల్లపై వ్రాసినది అతనికొరకే.

7. నోరు మూయించుట వేరు, వ్యాధి మాన్పుట వేరు

ఇట్టి సందేశములను ఆపుటకు సులభమైన ఉపాయములు గలవు. కెర్నెలు మేల్కొనునపుడే ఈ జాతి దోషములను చెప్పవద్దని యొక మాట చేర్చవచ్చును. లేదా వ్రాయసకానితో ‘11 వ యంత్రపు మాటలను పారవేయుము’ అనవచ్చును. ఒక్క నిమిషములో పుస్తకము శాంతించును. కాని కార్డు వదులుగానే యుండును. ఒకనాడు దోషములు యంత్రము సరిదిద్దుకొనజాలనంత యగును. అప్పుడు హెచ్చరించు నోరు మనమే మూసియుందుము. జ్వరము చూపు గాజుగొట్టమును పగులగొట్టిన జ్వరము తగ్గునా?

అయినను కొన్నియెడల మూయించుటయు న్యాయమే. శోధనకొరకు ఎవరో 7 వ మెట్టు వివరములను వ్రాయుమని యొక ప్రోగ్రామునకు చెప్పి, పని ముగిసిన పిమ్మట మరచిపోవుదురు. దానిని తగ్గించుట ధర్మమే. అట్లే యంత్రపు విద్యుత్తును పొదుపుచేయు నేర్పాటువలన, కార్డు బాగుగా నున్నను, ఇట్టి దోషసందేశములు వచ్చుట కలదు. అప్పుడు ఆ పొదుపు నేర్పాటును మానిపించిన అవి నిలిచిపోవును. కావున నియమమిది: ఎందుకు వచ్చుచున్నదో తెలియని మాటను మూయింపరాదు, తెలిసిన పిమ్మట అక్కరలేని మాటను వ్రాయింపరాదు.

8. ముందు జాగ్రత్తలు

ఆ దినము పిమ్మట మేము చేసిన యేర్పాటులు ఇవి.

ఒకటి. లాగు పుస్తకములకు డిస్కులో వేరొక భాగ మేర్పరచితిమి. అది నిండినను విద్యార్థుల గృహసంచులకు లోటు రాదు. వంటశాలలో చెత్తకు వేరు తొట్టి యుండవలెను గదా!

రెండు. పాత పుస్తకమును మార్చి క్రొత్తదానిని తెరచు ప్రోగ్రామునకు లాగ్‌రొటేట్ అని పేరు. మా సర్వరులో అది వారమున కొకమారు పుస్తకమును మార్చునట్లుండెను. పరిమాణము మించినను మార్చునట్లు నియమము చేర్చితిమి. అయితే ఆ ప్రోగ్రాము మేల్కొనినపుడే పరిమాణమును చూచును. దినమున కొకమారు మేల్కొనునదైనచో నడుమ వచ్చు వరదను ఆపజాలదు. కావున గంటగంటకు మేల్కొల్పునట్లు చేసితిమి.

మూడు. మితి యేర్పరచుట. క్రొత్త లినక్స్ వ్యవస్థలలోని జర్నల్‌డీ అను వ్రాయసకాడు సాధారణముగా ఒక్కొక్క సేవనుండి 30 సెకనులలో 10,000 సందేశములను మాత్రము గ్రహించి, మించినవానిని విడిచి, ఎన్ని విడిచితినో యొక పంక్తిలో వ్రాయును. తన పుస్తకము దస్త్రవ్యవస్థలో పదియవ పాలు గాని 4 గిగాబైట్లు గాని, ఏది తక్కువైన దానిని మించనీయదు. ఇది మంచి యేర్పాటు. కాని తీగవెంట ఇతర యంత్రములనుండి వచ్చు సందేశములను వేరొక వ్రాయసకాడు గ్రహించుచున్నచో, అతనికిని మితి విధింపవలెనని మరువరాదు.

నాలుగు. డిస్కు నూటికి 80 పాళ్లు నిండగానే బోధకునికి జాబు పంపు చిన్న ప్రోగ్రామును నడపితిమి. దానిని వ్రాసినవాడు పైన చెప్పిన బాలుడే.

అయిదు. అన్ని యంత్రముల గడియారములను ఒక్కటిగా నుంచితిమి. కాలములు తప్పినచో ఏది ముందు, ఏది వెనుక యని నిర్ణయింపజాలము.

ఆరు. తాళము వేయుటకు ముందు తెరను గాక పెట్టె దీపమును చూచుట.

విద్యార్థులారా, మీరందరు కంప్యూటరు పాలకులు కాకపోవచ్చును. అయినను ఏ కార్యమున విఘ్నము కలిగినను ఈ క్రమమునే యవలంబింపుడు. మొదట వ్రాసియున్నది చదువుడు, సాక్ష్యమును దాచుడు, పిమ్మట కొలువుడు, రెండు దారుల లెక్క కలియువరకు తీర్పు చెప్పకుడు. మనుష్యునిపై నేరము మోపుటకు ముందు ఇది మరింత యవసరము. పుస్తకము తప్పిపోయినచో మరియొకటి వ్రాయబడును. బాలుని మనస్సు నొచ్చినచో అది అంత సులభముగా మానదు.

అభ్యాసము

1. ఒక సందేశపు కూర్పుసంఖ్య 165. దాని శాఖ యేది? తీవ్రత యేది?

2. ఒక క్లయింటు సెకనుకు 20 సందేశములు, ఒక్కొక్కటి 150 బైట్ల పరిమాణము గలవి, పంపుచున్నది. సర్వరు వానిని ఒక్క పుస్తకములోనే వ్రాయును. 24 గంటలలో ఎన్ని బైట్లు నిండును?

3. తుడిచివేసిన దస్త్రపు స్థలము తిరిగిరాకపోవుటకు కారణమేమి? మీ మాటలలో వ్రాయుడు.

ప్రత్యుత్తరములు: మొదటిదానికి శాఖ 20, తీవ్రత 5. రెండవదానికి 25 కోట్ల 92 లక్షలు. మూడవదానికి ప్రత్యుత్తరము నాలుగవ భాగములో గలదు. చూడక వ్రాయువారు ధన్యులు.